పాత ఫోనుకు క్రొత్త వ్యవస్థ: పంచాయతీలు తెలిసికొనదగిన విషయములు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో మా శాఖ తరఫున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము ప్రస్తావింపదలచిన విషయము అరచేతిలో ఇమిడెడి ఒక చిన్న వస్తువునకు సంబంధించినది. అయినను అది గ్రామ పరిపాలనతోను, గ్రామస్థుల ధనముతోను ముడిపడియున్నది. ఆ వస్తువు మన సెల్‌ఫోను.

పూర్వము పంచాయతీ కార్యాలయములో ఒక ఇనుపపెట్టె, దానికొక తాళపుచెవి ఉండెడివి. రశీదు పుస్తకములు, తీర్మానముల పుస్తకము, నగదు చిట్టా ఆ పెట్టెలో భద్రముగా నుండెడివి. ఇప్పుడు ఆ పెట్టె చేసిన పనిలో ఎక్కువ భాగము కంప్యూటరునకు, ఫోనుకు సంక్రమించినది. 2020 ఏప్రిల్ 24వ తేదీన ఈ-గ్రామ్ స్వరాజ్ ప్రారంభమైన నాటినుండి పంచాయతీల ప్రణాళికలు, జమాఖర్చులు దానిలో నమోదగుచున్నవి. ఉపాధి హామీ పనులలో కూలీల హాజరును ఫోనుద్వారా ఛాయాచిత్రముతో సహా తీయు పద్ధతి 2023 జనవరి నుండి తప్పనిసరి చేయబడెను. బ్యాంకు పంపు ఓ.టి.పి.యు, ఆధార్ ఓ.టి.పి.యు ఫోనుకే వచ్చును. ఇనుపపెట్టె తాళపుచెవి నేడు ఫోనులో నున్నదని చెప్పినచో అతిశయోక్తి కానేరదు.

కాని మనలో పలువురి ఫోనులు నాలుగైదు సంవత్సరముల క్రిందట కొన్నవి. వాటికి క్రొత్త సవరణలు పంపుట తయారీ సంస్థలు మానివేసినవి. కొన్ని అప్లికేషన్లు వాటిలో పనిచేయుటయే లేదు. ఉదాహరణకు, ఆండ్రాయిడ్ 4 తరగతికి చెందిన ఫోనులలో 2025 నాటికి వాట్సాప్ పూర్తిగా నిలిచిపోయినది. ఇట్టి స్థితిలో, "మీ పాత ఫోనులో క్రొత్త ఆండ్రాయిడ్ వేసి ఇచ్చెదము, క్రొత్త ఫోను కొనుట ఎందుకు?" అని చెప్పువారు మనకు తారసపడవచ్చును. ఆ మాట అబద్ధము కాదు. కాని పూర్తి నిజమును కాదు. అందు నిజమెంత, మిగిలినదేమి అనునది పంచాయతీ సభ్యులు తెలిసికొని యుండుట అవసరము.

ఫోనులోని రెండు భాగములు

ఫోనును నడిపించు మూల కార్యక్రమమును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. మన దేశములో అత్యధిక సంఖ్యలో నున్న ఫోనులలో పనిచేయునది ఆండ్రాయిడ్. దీనితో పనిచేయు మొదటి ఫోను 2008లో అమెరికాలో అమ్మకమునకు వచ్చినది. ఆండ్రాయిడ్ యొక్క మూలప్రతిని గూగుల్ సంస్థ బహిరంగముగా ప్రకటించును. దానిని తీసికొని ఎవరైనను తమకు వలసిన రీతిగా మలచుకొనవచ్చును.

ఈ వ్యవస్థను బోరుబావితో పోల్చి చూడుడు. బావిలో, భూమి అడుగున, కంటికి కనబడని మోటారు ఉన్నది. పైన గొట్టములు, కొళాయిలు ఉన్నవి. ప్రజలు చూచునది, వాడుకొనునది కొళాయిని. నీటిని పైకి తెచ్చునది మాత్రము మోటారు. ఫోనులో గూడ అంతే. తెర, అక్షరములు, అప్లికేషన్లు, సెట్టింగులు పై భాగము. దీనిని సిస్టమ్ అందురు. కెమేరాను, రేడియో తరంగములను, వేలిముద్ర పలకను నడిపించునది క్రింది భాగము. దీనిని చిప్పు తయారు చేసిన సంస్థయు, ఫోను తయారు చేసిన సంస్థయు కలిసి సమకూర్చును. వెండర్ భాగమనియు, కెర్నెల్ అనియు పిలువబడునవి ఇందులోనివి.

పూర్వము ఈ రెండు భాగములును ఒకదానితో నొకటి అతికి యుండెడివి. గూగుల్ క్రొత్త ఆండ్రాయిడ్ విడుదల చేసిన పిమ్మట చిప్పు సంస్థ దానికి తగినట్లు తన భాగమును మార్చవలెను. పిదప ఫోను సంస్థ మార్చవలెను. ఇన్ని చేతులు మారి మన ఫోనుకు వచ్చుసరికి నెలలు గడచెడివి. అనేక పర్యాయములు అసలు వచ్చెడిదే కాదు. 2014 సెప్టెంబరులో మన దేశములోనే ప్రారంభమైన ఆండ్రాయిడ్ వన్ పథకము ఈ కొరతను తీర్చుటకు చేసిన ప్రయత్నములలో నొకటి. మైక్రోమాక్స్, కార్బన్, స్పైస్ సంస్థల చౌక ఫోనులతో అది మొదలైనది.

2017లో ఆండ్రాయిడ్ 8తో మూలమునందే ఒక మార్పు జరిగినది. దాని పేరు ప్రాజెక్ట్ ట్రెబుల్. గొట్టముల మరలన్నియు ఒకే కొలతలో నున్నచో ఏ అంగడిలో కొన్న గొట్టమైనను మన మోటారుకు పట్టును గదా! అట్లే పై భాగము, క్రింది భాగము కలియు చోట ఒక నిర్ణీత కొలత ఏర్పరచిరి. ఆండ్రాయిడ్ 8తో గాని, ఆ పైదానితో గాని క్రొత్తగా విడుదలగు ఫోనులు ఈ కొలతను పాటింపవలెనని నియమము చేసిరి.

జెనెరిక్ సిస్టమ్ ఇమేజ్ అనగా నేమి?

ఈ కొలత ఏర్పడినందున, ఏ ఒక్క సంస్థకు చెందని, అన్ని ఫోనులకు ఉమ్మడిగా పనికివచ్చు పై భాగమును తయారు చేయుట సాధ్యమైనది. దానినే జెనెరిక్ సిస్టమ్ ఇమేజ్ అనియు, పొడి అక్షరములలో జి.ఎస్.ఐ. అనియు అందురు. ఇమేజ్ అనగా ఇచ్చట బొమ్మ కాదు. వ్యవస్థ మొత్తమును ఒకే దస్త్రముగా మూటగట్టిన ప్రతి అని అర్థము. ఫోను తయారీదారు కొలతను సరిగా పాటించెనా లేదా అని పరీక్షించుట కొరకు ఇది మొదట ఏర్పడినది. తరువాత అప్లికేషన్లు తయారు చేయువారి పరీక్షల కొరకు గూగుల్ దీనిని విడుదల చేయసాగినది. నిత్యవాడుకకై గృహస్థునకు ఇచ్చిన వస్తువు కాదని దీనినిబట్టి గ్రహింపవలెను.

దీనికి తోడు కస్టమ్ రోమ్ అనబడునవి వేరుగా నున్నవి. ఇవి ఒక్కొక్క ఫోను నమూనాకు ప్రత్యేకముగా తయారగును. 2009లో మొదలైన సైనోజెన్‌మాడ్ వీటిలో పేరుపొందినది. 2016 డిసెంబరులో అది నిలిచిపోగా దాని వారసత్వమును లినేజ్ ఓ.ఎస్. స్వీకరించినది. దీనిని నిర్వహించువారు చాలవరకు స్వచ్ఛందముగా పనిచేయు యువకులు. వారి శ్రమ ప్రశంసనీయము. అయితే ఒక నమూనాను చూచుచున్న వ్యక్తి ఆ పని మానుకొన్నచో ఆ నమూనాకు క్రొత్త ప్రతులు రావు. మన దేశములో గూడ 2023 జనవరిలో మద్రాసు ఐ.ఐ.టి. ఆశ్రయములో రూపొందిన భార్ ఓ.ఎస్. ప్రదర్శింపబడినది. అదియు ఆండ్రాయిడ్ మూలప్రతిపై ఆధారపడినదే.

పైన క్రొత్తది, అడుగున పాతది

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. సవరణలు ఎందుకు కావలెను? ఫోనులోని లోపములను దుర్మార్గులు కనిపెట్టుదురు గనుక. ఇందుకు రెండు ఉదాహరణములు చెప్పెదము.

2015 జూలైలో స్టేజ్‌ఫ్రైట్ అను లోపము బయటపడినది. దృశ్యములను చూపించు భాగములో నున్న ఈ లోపము వలన, ఒక్క సందేశము పంపియే పరుల ఫోనును వశపరచుకొనుటకు వీలున్నదని తేలినది. మరుసటి నెల నుండియే గూగుల్ ప్రతి మాసము భద్రతా సవరణలు వెలువరించు పద్ధతిని ప్రారంభించినది. ఆ మరుసటి సంవత్సరము, 2016 ఆగస్టులో, క్వాల్‌కామ్ చిప్పులకు సంబంధించిన క్వాడ్‌రూటర్ అను నాలుగు లోపములు వెల్లడియైనవి.

ఈ రెంటికిని గల భేదమును గమనింపుడు. మొదటిది కొళాయి వద్ద లోపము. రెండవది బావిలోని మోటారు లోపము. జి.ఎస్.ఐ. వేసినచో మొదటి రకము లోపములు తీరును. రెండవ రకమువి తీరవు. ఎందుకనగా జి.ఎస్.ఐ. పై భాగమును మాత్రమే మార్చును. కెర్నెల్, వెండర్ భాగము, సిమ్ముతో మాటలాడు మోడెమ్ కార్యక్రమము, ఇవన్నియు తయారీ సంస్థ చివరిసారి ఇచ్చిన స్థితిలోనే నిలిచిపోవును. తెరపై "ఆండ్రాయిడ్" పేరు ప్రక్కన పెద్ద అంకె కనబడును. అడుగున మాత్రము నాలుగేండ్లనాటి మోటారే తిరుగుచుండును.

లినేజ్ ఓ.ఎస్. వారు ఈ సత్యమును దాచలేదు. వారి వ్యవస్థలో ట్రస్ట్ అను పేజీ కలదు. అందు పై భాగపు భద్రతా తేదీ ఒకటి, వెండర్ భాగపు తేదీ మరియొకటి వేర్వేరుగా చూపుదురు. ఎవరైనను మీ ఫోనును "క్రొత్తది చేసితిమి" అన్నచో, క్రింది భాగపు తేదీ ఏమిటని అడుగుడు. ఈ ఒక్క ప్రశ్న అడుగగలిగినచో నేటి మా ప్రసంగము సఫలమైనట్లే.

తాళము తెరచుట

ఇంతకంటె ముఖ్యమైన విషయము మరొకటి కలదు. ఫోను వెలిగిన వెంటనే మొదట మేల్కొనునది బూట్‌లోడర్. అది వాకిటి కావలివాని వంటిది. తయారీ సంస్థ ముద్రయున్న వ్యవస్థను మాత్రమే లోనికి పోనిచ్చును. బయటి ఇమేజ్‌ను ఎక్కించవలెనన్నచో సాధారణముగా ఈ కావలివానికి సెలవు ఈయవలసి వచ్చును. దీనినే బూట్‌లోడర్ అన్‌లాక్ చేయుట అందురు.

దీనివలన మూడు ఫలితములు కలుగును. మొదటిది, ఆ క్షణముననే ఫోనులోని ఛాయాచిత్రములు, చిరునామాలు, సందేశములు సమస్తము చెరిగిపోవును. రెండవది, ఆ తరువాత ఫోను ఎవరి చేతికైనను చిక్కినచో, వారు తమకు నచ్చిన మార్పుచేసిన వ్యవస్థను దానిలో ఎక్కించుటకు అడ్డు తొలగిపోవును. ఫోను వెలిగినప్పుడెల్ల తెరపై ఈ హెచ్చరిక కనబడును. మూడవది, బ్యాంకు అప్లికేషన్లలోను, చెల్లింపు అప్లికేషన్లలోను పలు అప్లికేషన్లు తాళము తెరచిన ఫోనును గుర్తించి పనిచేయ నిరాకరించును. అది వాటి మొండితనము కాదు. మన ధనమునకు అవి వేసిన కంచె.

పోనీ, పని ముగిసిన పిమ్మట మరల తాళము వేసికొనవచ్చును గదా అని అడుగవచ్చును. జి.ఎస్.ఐ. ఉన్న ఫోనుకు అట్లు తాళము వేసినచో కావలివాడు లోపలి వ్యవస్థపై తనకు తెలిసిన ముద్ర లేదని అడ్డగించును. ఫోను వెలుగకుండ పోవచ్చును.

మన పల్లెలకు సంబంధించిన మరియొక చిక్కు కలదు. 2016 సెప్టెంబరులో సేవలు ప్రారంభించిన జియోలో 4జి ఫోనుల మాటలు 4జి మార్గముననే సాగును. దీనిని వోల్టె అందురు. ఉమ్మడి ఇమేజ్‌లలో ఈ వోల్టె తరచుగా పనిచేయదు. ఇంటర్నెట్ వచ్చును, బొమ్మలు కనబడును, కాని సాధారణమైన ఫోను పిలుపు పోదు, రాదు. అర్ధరాత్రి 108కు పిలువవలసిన ఫోను మాటలాడనిచో దానికి ఎంత క్రొత్త వ్యవస్థ వేసినను ప్రయోజనమేమి?

పని జరుగు విధానము

ఈ విషయము తెలిసికొని వదలుట కాక, పని ఎట్లు జరుగునో గూడ సంగ్రహముగా చెప్పెదము. మీరు స్వయముగా చేయకపోయినను, చేయువారిని ప్రశ్నించుటకు ఇది ఉపకరించును.

మొట్టమొదట సెట్టింగులలో "ఫోను గురించి" అను చోట ఆండ్రాయిడ్ వెర్షన్, భద్రతా సవరణ తేదీ చూడవలెను. పిదప సిస్టమ్ అప్‌డేట్ అను చోట సంస్థ పంపిన అప్‌డేట్ ఏదైన మిగిలియున్నదేమో చూడవలెను. ఉన్నచో దానినే వేసికొనవలెను. దానికి తాళము తెరువ నక్కరలేదు. అది రెండు భాగములను సరిచేయగలదు. డబ్బు ఖర్చు లేదు. చార్జింగు నిండుగా నుంచి, నమ్మదగిన వై-ఫై వద్ద వేసికొనిన చాలును. ఇంతటి సులభమైన పనిని వాయిదా వేయుచు, కష్టమైన మార్గమును వెదకుట తగదు.

సంస్థ అప్‌డేట్లు పూర్తిగా నిలిచిపోయినచో అప్పుడు రెండవ మార్గమును గూర్చి ఆలోచింపవలెను. ఫోను విడుదలయైనప్పుడే ఆండ్రాయిడ్ 8 గాని, ఆ పైది గాని ఉండెనా? దాని ప్రాసెసర్ 64 బిట్ల తరగతిదా, 32 బిట్ల తరగతిదా? దాని నిల్వలో వ్యవస్థకు ఒకే అర ఉన్నదా, ఒకటి వాడుకలో నుండగా రెండవదానిలో అప్‌డేట్ ఎక్కించు జంట అరలున్నవా? ఈ మూడింటికి తగిన ఇమేజ్‌నే ఎంచుకొనవలెను. తరువాత ఫోనులోని సమాచారము నంతయు వేరొకచోట భద్రపరచవలెను. తాళము తెరచుటకు సంస్థ అనుమతి ఉన్నదో లేదో చూడవలెను. కొన్ని సంస్థలు కొన్నాళ్లు వేచియుండుమనును. కొన్ని అసలు ఒప్పుకొనవు. ఆ పిమ్మట కేబులుతో కంప్యూటరునకు కలిపి, ఫాస్ట్‌బూట్ అను సాధనముతో ఇమేజ్‌ను సిస్టమ్ అరలో వ్రాయుదురు. ఏదైన తప్పు జరిగినచో వెనుకకు వచ్చుటకు సంస్థ విడుదల చేసిన మూల ఇమేజ్ ముందుగానే చేతిలో నుండవలెను. అది లేకుండ పని మొదలుపెట్టువాడు తాడు లేకుండ బావిలోనికి దిగువాని వంటివాడు.

ఆండ్రాయిడ్ 10 నుండి డైనమిక్ సిస్టమ్ అప్‌డేట్స్ అను సౌకర్యము గూడ కలదు. దీని వలన జి.ఎస్.ఐ.ని తాత్కాలికముగా ఎక్కించి పరీక్షించి, ఫోనును ఆర్పి వెలిగించి మరల పాత వ్యవస్థకు రావచ్చును. పాతది చెరగదు. అయితే అన్ని సంస్థలు దీనిని ఒకే విధముగా అనుమతింపవు. వీలున్న చోట ముందుగా ఈ విధముననే పరీక్షించుట వివేకము. ఫోను పిలుపు, సిమ్ము, కెమేరా, వేలిముద్ర, వై-ఫై, చార్జింగు, ఈ ఆరును ఒకదాని తరువాత ఒకటి పరీక్షింపవలెను.

మూలప్రతి ఉచితమైనది. దీనికి ఎవరైన రుసుము అడిగినచో అది వారి శ్రమకు మాత్రమే గాని వస్తువునకు కాదు. ఇమేజ్‌ను ఎచ్చటి నుండి తెచ్చితిరని తప్పక అడుగవలెను. ఊరు పేరు లేని చోటి నుండి తెచ్చిన ఇమేజ్‌లో ఏమి దాగియున్నదో మనకు తెలియదు. బయటివాడు చేసిన తాళపుచెవిని మన ఇనుపపెట్టెకు వాడుదుమా?

పంచాయతీ తీసికొనవలసిన నిర్ణయము

మా సలహా స్పష్టముగా చెప్పుచున్నాము. గ్రామములోని ఫోనులను రెండు తరగతులుగా విభజింపుడు.

మొదటి తరగతి, పంచాయతీ లెక్కలు, చెల్లింపులు, ఓ.టి.పి.లు, హాజరు పట్టీలు, ప్రజల ఆధార్ వివరములు నడచు ఫోనులు. వీటికి తయారీ సంస్థ అప్‌డేట్లు తప్ప మరేదియు వేయరాదు. తాళము తెరువరాదు. అప్‌డేట్లు నిలిచిపోయిన ఫోనును ఈ పనులనుండి తప్పించి, క్రొత్తదానిని సమకూర్చుకొనవలెను. గ్రామస్థుల వివరములు మనకు వారు నమ్మి అప్పగించినవి. ఆ నమ్మకమును ప్రయోగములకు పెట్టు హక్కు మనకు లేదు.

రెండవ తరగతి, పనినుండి విరమించిన పాత ఫోనులు. బ్యాంకు ఖాతా గాని, ముఖ్యమైన సిమ్ము గాని లేని వీటికి జి.ఎస్.ఐ. నిజముగా ఉపకారి. గ్రంథాలయములో విద్యార్థులు పాఠములు చూచుటకు, రైతులు వాతావరణ సమాచారము వినుటకు, ఐ.టి.ఐ.లోను, పాలిటెక్నిక్‌లోను చదువు యువకులు ఈ విద్య నేర్చుటకు ఇవి పనికివచ్చును. మన గ్రామ యువకులలో ఈ నేర్పు గలవారిని ప్రోత్సహింపవలెను. మీ ఫోనుపై ప్రయోగము వద్దని చెప్పుట, వారి విద్యను కాదనుట కాదు. ఏ పొలములో క్రొత్త వంగడము వేసి చూడవలెనో, ఏ పొలములో తిండిగింజలు పండించుకొనవలెనో మన రైతునకు తెలియును గదా!

ఏ విధమునను పనికిరాని ఫోనులను పొలములలోను, చెరువులలోను పారవేయరాదు. ఇ-వ్యర్థముల నిర్వహణకై 2022లో చేసిన నియమములు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నవి. అధికారపూర్వకముగా నమోదైన సేకరణ కేంద్రములకే వాటిని అప్పగింపవలెను.

కొనునప్పుడే అడుగుడు

ఈ చిక్కులలో చాలభాగము కొనునాడే తప్పించుకొనవచ్చును. కెమేరా ఎంత, నిల్వ ఎంత అని అడుగువారు పలువురు. ఎన్ని సంవత్సరములు భద్రతా సవరణలు వచ్చునని అడుగువారు అరుదు. 2023 అక్టోబరులో పిక్సెల్ 8 ఫోనుకు గూగుల్, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24 ఫోనుకు శాంసంగ్, 7 సంవత్సరముల అప్‌డేట్లు ఇచ్చెదమని ప్రకటించినవి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము, తయారీదారులు విడుదల చేయు అప్‌డేట్లను ఒక నమూనా అమ్మకము ముగిసిన తరువాత గూడ కనీసము 5 సంవత్సరములు ఉచితముగా అందింపవలెను. పైన చెప్పిన ఫోనులు ఖరీదైనవి. అందరును వాటినే కొనవలెనని మా అభిప్రాయము కాదు. అయితే చౌక ఫోనులకు గూడ ఈ వాగ్దానము సంస్థను బట్టి, నమూనాను బట్టి వేర్వేరుగా నుండును. ఒకే వెలలో రెండు ఫోనులున్నప్పుడు సవరణలు ఎక్కువకాలము ఇచ్చుదానిని ఎంచుకొనుడు. ఆరేండ్లు నడచు ఫోను మూడేండ్లు నడచు ఫోనుకంటె చౌక.

తుదకు ఒక చిన్న కార్యక్రమమును సూచించుచున్నాము. మీ రాబోవు సమావేశములో ఒక పుస్తకమును తెరచి, పంచాయతీ పనులకు వాడు ప్రతి ఫోను నమూనా, కొన్న సంవత్సరము, ఆండ్రాయిడ్ వెర్షన్, భద్రతా సవరణ తేదీ అందు వ్రాయుడు. మూడు నెలలకొకసారి ఆ తేదీని మరల చూడుడు. చెరువు కట్టను వానలకు ముందు చూచుట, మంచినీటి తొట్టిని నియమముగా కడిగించుట మీకు అలవాటైన పనులే. ఈ తేదీని చూచుట గూడ ఆ కోవలోనిదే. దీనికి పైకము అక్కరలేదు, నిపుణులు అక్కరలేదు. ఒక గడియ ఓపిక చాలును.

కొళాయి మెరయుచున్నదని సంతోషింపక, బావిలోని మోటారు సంగతి గూడ అడిగి తెలిసికొని మీ గ్రామస్థుల ధనమును, వివరములను కాపాడుదురని ఆశించుచు, మా ప్రసంగమును ముగించుచున్నాము.